చదువుతుంటే వినేదెవరు?

(మాస్టారి జ్ఞాపకార్థం పూర్వ విద్యార్థులు ఏర్పాటు చేసిన సభలో చేసిన ఉపన్యాస పాఠం)



మాస్టారి పేరు నేను చెప్పను. ఈ బడి గుమ్మం పక్కన పాలరాయి మీద ఎలాగూ ఉంది. ఆయన బతికుండగా పేరు పెట్టి పిలిచినవాళ్లు ఊళ్లో ముగ్గురో నలుగురో ఉంటారు. మిగిలినవాళ్లందరికీ ఆయన మాస్టారే, ఈ పూట కూడా అలాగే అంటాను. నిర్వాహకులు నాకిచ్చిన విషయం ‘తరగతి గదిలో చదవడం నేర్పడానికి సాంకేతికత’. ఈ విషయమే ఎందుకిచ్చారో నాకు తెలుసు. మాస్టారి పేరు మీద బడికి పెద్ద టీవీ ఒకటి కొనివ్వాలని మీలో కొందరు అనుకుంటున్నారు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ముందు ఒక క్యాసెట్టు సంగతి చెప్పాలి.

1982లో నేను మూడో తరగతి. క్లాసులో బాగా చదువుతాడని పేరు. వాచకంలో ఏ పాఠం తీసినా గడగడా అప్పజెప్పేవాణ్ణి. అసలు సంగతేమిటంటే, రాత్రిపూట లాంతరు దగ్గర మా అక్క చదువుతుంటే విని పట్టేసేవాణ్ణి. పొద్దున బడిలో ఆ పేజీలో బొమ్మ చూసి పాఠం ఎత్తుకునేవాణ్ణి. వేలు వరసల వెంట పోయేది గానీ కన్ను పోయేది కాదు. ఇక అందరం కలిసి వల్లెవేసేటప్పుడు చెప్పక్కర్లేదు, నా గొంతే పైన.

ఆ ఏడు దసరా సెలవులకు మాస్టారి బావమరిది మస్కట్ నుంచి వస్తూ ఒక టేప్ రికార్డర్ తెచ్చాడు. అది ఇంట్లో కన్నా బడిలోనే ఎక్కువ ఉండేది. మాస్టారు ఊళ్లో పాత సినిమా పాటల క్యాసెట్లు అడిగి తెచ్చుకునేవారు. వెనక అంచున ఉండే రెండు చిల్లుల్లో కాగితం ముక్కలు కుక్కితే దాని మీద మళ్లీ రికార్డు చేసుకోవచ్చని అప్పట్లో అందరికీ తెలిసిన విద్యే. ఒక్కొక్కరినీ వేపచెట్టు కిందికి పిలిచి, చందమామ తెరిచి, ఒక పేజీ చదవమన్నారు. వాచకం ఇవ్వలేదు. మా అక్క ఎప్పుడూ చదవని పేజీ అది.

నా వంతు వచ్చినచోట ఆ క్యాసెట్టులో దాదాపు నిమిషం సేపు కాకి అరుపు తప్ప ఏమీ ఉండదు. దూరంగా కాలవ లాకుల దగ్గర ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక. తర్వాత మాస్టారి గొంతు: “సరేరా, రేపట్నుంచి గంట కొట్టకముందే రా.”

అంతే. తిట్టలేదు, నలుగురిలో చెప్పలేదు. రోజూ పొద్దున పది నిమిషాలు నేను చదివేవాణ్ణి, ఆయన కళ్లు మూసుకుని వినేవారు. నా బండి వత్తుల దగ్గర కూరుకుపోతోందని రెండో రోజుకే కనిపెట్టారు. ఫిబ్రవరిలో మళ్లీ రికార్డు చేసి, రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినిపించారు. అక్టోబరు నాటి కాకి, ఫిబ్రవరి నాటి నేను. ఆ పూట నాకు కలిగినంత గర్వం తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ముప్పై ఏళ్లుగా నేను ఒకటి, రెండు తరగతులకు చెబుతున్నాను. ఈ ముప్పై ఏళ్లలో మా బడుల్లోకి వచ్చిన యంత్రాలు చాలానే చూశాను. అంతకుముందు వచ్చినవాటి గురించి చదివాను. నాకర్థమైన సంగతి ఒకటుంది: దాదాపు అన్నీ మాట్లాడే యంత్రాలే. పిల్లలు నోరు మూసుకుని వినాలి.

విజయవాడలో ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. రేడియో మన ఇళ్లల్లోకి తెచ్చిన భాషా సంస్కారాన్ని నేను తక్కువ చేయను, నాటకం అంటే ఏమిటో మా తరానికి నేర్పింది ఆ కేంద్రమే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ‘సైట్’ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ వెళ్లింది. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. తెలుగు పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి, మన కృష్ణా డెల్టా మాత్రం లేదు. 2000 తర్వాత ప్రాథమిక తరగతులకు రేడియో పాఠాలు వచ్చాయి. వాటి పేరు ‘విందాం నేర్చుకుందాం’. పిల్లలు చేయాల్సిన పనేమిటో పేరులోనే ఉంది. 2020లో బడులు మూతపడ్డప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యా వారధి’ వచ్చింది. ఆ కష్టకాలంలో అదైనా ఉన్నందుకు సంతోషించాం.

తర్వాతవి మీ కళ్లముందు జరిగినవే. 2019 నవంబర్ 14న మొదలైన నాడు–నేడు పథకంలో పాత బడులకు కొత్త గోడలు వచ్చాయి, మరుగుదొడ్లు వచ్చాయి. ఉన్నత పాఠశాలల గోడలకు ఐఎఫ్‌పీలనే పెద్ద తాకుడు తెరలు, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2022 డిసెంబర్ 21న మన పక్కనే, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో, ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తం మీద టీచర్లతో కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు, అందులో బైజూస్ కంపెనీ పాఠాలు. ఏ పార్టీ ఏం చేసిందన్న లెక్క నాకొద్దు. నా లెక్క వేరు. ఎనిమిదో తరగతి దాకా వచ్చి కూడా చదవడం రాని పిల్లవాడికి ఆ ట్యాబ్‌లో పాఠం ఏం పనికొస్తుంది? వాడు తడబడ్డది రెండో తరగతిలో. వాడి దగ్గరికి యంత్రం వెళ్లాల్సిన కాలానికి వెళ్లలేదు.

వస్తువు ఇస్తే చదువు దానంతటదే వస్తుందన్న నమ్మకం మన ఒక్కరిదే కాదు. దక్షిణ అమెరికాలో పెరూ దేశం ‘పిల్లవాడికో లాప్‌టాప్’ అంటూ పల్లె బడులకు లక్షల్లో పంచింది. 2012లో వచ్చిన పరిశీలనలో పిల్లలకు కంప్యూటర్ వాడడం వచ్చిందనీ, చదవడంలోనూ లెక్కల్లోనూ మాత్రం మార్పు కనిపించలేదనీ తేలింది.

మన సంగతి చూడండి. అసర్ అనే సర్వే వాళ్ల 2024 నివేదిక ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 27 మంది. 2018లోనూ 27 మందే. మధ్యలో 2022లో కరోనా దెబ్బకు 20 దగ్గరికి పడిపోయి మళ్లీ లేచింది. అదే 2024 నివేదికలో ఇంకో అంకె ఉంది. 14–16 ఏళ్ల పిల్లల్లో ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు నూటికి 90 మంది దాకా ఉన్నారు. ఇంటింటికీ ఫోన్ వచ్చింది గానీ మూడో తరగతి వాచకం కదల్లేదు.

ఈ అసర్ వాళ్లు పిల్లల చదువును కొలిచే పద్ధతి మీరెప్పుడైనా చూశారా? ఒక మనిషి ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, అక్షరాలు, మాటలు, ఒక చిన్న పేరా, ఒక చిన్న కథ ఉన్న కాగితం పిల్ల చేతికిచ్చి, చదువుతుంటే వింటాడు. 2005 నుంచి అదే పని. మాస్టారు వేపచెట్టు కింద చేసింది కూడా అదే.

మరి మేం టీచర్లం ఎందుకు వినం? పీరియడు 45 నిమిషాలు, పిల్లలు 30 మంది. హాజరు, హోంవర్కు, గొడవలు తీర్చడం పోను మిగిలిన టైము పంచితే ఒక్కొక్కరికీ నిమిషం రాదు. ఒకే టీచరుతో అయిదు తరగతులు నడిచే బడిలో ఆ నిమిషం కూడా గగనమే. అందుకని అందరి చేతా కలిపి చదివిస్తాం. కలిపి చదివిస్తే పెదవులు కదిపే పిల్లవాడు దొరకడు. టీవీలో పాట పెట్టి ఆడించినా దొరకడు. నన్ను చూడండి, మూడేళ్లు దొరకలేదు.

తెలుగు చదవడం తేలికని కొందరంటారు, రాసినట్టే పలుకుతాం కదా అని. పిల్ల పక్కన కూర్చుని చూడండి. ‘క్రి’ అనే అక్షరంలో గుడి క నెత్తిన ఉంటుంది, ర వత్తు కింద ఉంటుంది. కంటికి ముందు కనపడేది గుడి, పలకాల్సింది చివర. పైగా ర వత్తు ర లాగా ఉండదు, మ వత్తు మ లాగా ఉండదు, య వత్తూ అంతే. మాట మొత్తం చూసి ఊహించే పిల్లలు ఇక్కడికొచ్చి బోల్తా పడతారు. నిజం చెప్పాలంటే తెర చక్కగా పనికొచ్చే చోటు ఇదే. గుడి ఎక్కడ ఎక్కిందో, వత్తు ఎక్కడ దూరిందో కదిలించి చూపిస్తే పిల్లలకు టక్కున ఎక్కుతుంది. నల్లబల్ల మీద నేను అరగంటలో చెప్పలేనిది మూడు నిమిషాల బొమ్మ చెబుతుంది. కాబట్టి టీవీ మీద నాకు కోపం లేదు. కానీ ఆ మూడు నిమిషాల తర్వాత దాన్ని ఆపాలి.

ఆపకపోతే ఏమవుతుందో ఒక బడిలో చూశాను. పేరు వద్దు. రెండో తరగతి పాప ట్యాబ్ మీద అక్షరాల ఆట ఆడుతోంది. ‘ఉ’ అనగానే ఉడత మీద నొక్కుతోంది, ‘ఏ’ అనగానే ఏనుగు మీద. పదికి పది. టీచరమ్మ మురిసిపోతోంది. నేను అదే ‘ఏ’ పలక మీద రాసి ఏమిటమ్మా ఇది అన్నాను. పాప పలక వైపు చూసి, నా వైపు చూసి, ట్యాబ్‌లో కుడివైపు మూల చూపించింది. ఏనుగు ఉండే మూల అది. పాప తెలివైంది. అక్షరం అక్కర్లేకుండానే ఆట గెలిచే దారి కనిపెట్టింది. నేను మా అక్క గొంతు పట్టుకున్నట్టే.

యంత్రం మనిషి చేత తెలుగు చదివించగలదని చూపిన ప్రయత్నం మన దగ్గరే జరిగింది. 2000 సంవత్సరంలో టీసీఎస్ కంపెనీ, ఎఫ్.సి. కోహ్లీ గారి పూనికతో, మెదక్ జిల్లా బీరంగూడలో వయోజనులకు కంప్యూటర్ మీద చదువు మొదలుపెట్టింది. ఆఫీసుల్లో పక్కన పడేసిన పాత కంప్యూటర్లే వాడారు. అక్షరం అక్షరం కూడబలుక్కోవడం కాకుండా, మాటను మాటగా గుర్తుపట్టే పద్ధతి. నలభై చిల్లర గంటల చదువుతో పత్రిక చదవగలిగేలా చేయాలన్నది లక్ష్యం. వాళ్లు పెద్దవాళ్లు, తెలుగు వాళ్ల నోట నానిన భాష. ఏ మాట వస్తుందో సగం ముందే తెలుసు. ఆరేళ్ల పిల్లకు అదే పద్ధతి పనికిరాదు, ఎందుకంటే ఆ పిల్ల ఇంకా కొత్త మాటలే నేర్చుకుంటోంది. అయినా ఆ ప్రయత్నం నాకిష్టం. పారేసిన కంప్యూటర్లతో, చదవడమన్న ఒక్క పని కోసం చేసింది అది.

వినే యంత్రం కూడా మన పిల్లల దగ్గరికి తొందరగానే వచ్చింది. గోడలో కంప్యూటర్ పెట్టి పిల్లలకు వదిలేసిన ప్రయోగంతో పేరొచ్చిన సుగతా మిత్రా, ఇంకొందరితో కలిసి హైదరాబాద్‌లో 16 మంది పిల్లలకు మాట విని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. అది ఇంగ్లీషు ఉచ్చారణ కోసం, పరిశీలన 2003లో అచ్చయింది. పిల్లలు చెప్పింది కంప్యూటర్‌కు అర్థం కాకపోతే మళ్లీ చెప్పేవాళ్లు, అర్థమయ్యేదాకా. యంత్రం వింటే పిల్లలు విసుక్కోకుండా చెబుతారని అప్పుడే తెలిసింది.

తెలుగుకు ఆ అవకాశం 2020లో దొరికింది. 2019 మార్చిలో హిందీ, ఇంగ్లీషుల కోసం ‘బోలో’ పేరుతో వచ్చిన గూగుల్ యాప్ మరుసటి ఏడాది మే నెలలో ‘రీడ్ అలాంగ్’ అయ్యి, తెలుగుతో సహా తొమ్మిది భాషల్లోకి వచ్చింది. పిల్ల పైకి చదువుతుంటే ఫోన్ వింటుంది. ఎక్కడ ఆగిపోతే ఆ మాటను పలికి చూపిస్తుంది. ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా పనిచేస్తుంది, కాలవ గట్టు దాటితే సిగ్నల్ పోయే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఇన్నేళ్లకు మాట్లాడే యంత్రాల మధ్యకు చెవి ఉన్న యంత్రం ఒకటి వచ్చింది. నా క్లాసులో నేను వాడుతున్నాను. పాత ఫోన్లు నాలుగు. నలుగురు నాలుగు మూలల్లో చదువుతారు, మిగతావాళ్లు పలకల మీద రాస్తారు, నేను అందరికన్నా వెనకబడ్డ పిల్ల పక్కన కూర్చుంటాను. గోల గోలగానే ఉంటుంది. వీధిబడి కూడా అలాగే ఉండేదట.

అయితే ఆ చెవికి తెలియనివి చాలా ఉన్నాయి. దివిసీమ నుంచి వచ్చిన ఒక పిల్లవాడు ‘చేప’ అని ఉన్నచోట ‘సేప’ అన్నాడు. ఫోన్ ఒప్పుకోలేదు. మళ్లీ అన్నాడు. మళ్లీ ఒప్పుకోలేదు. మూడోసారికి ఫోన్ కింద పెట్టేశాడు. వాడు అక్షరం తప్పు చదవలేదు. చ ని చ గానే గుర్తుపట్టి, ఇంట్లో అమ్మ అన్నట్టు అన్నాడు. చదవడం వేరు, పలకడం వేరు. మాస్టారికి ఆ తేడా తెలుసు. మా క్లాసులో సగం మందిమి ‘భ’ని ‘బ’ అనేవాళ్లం, ఆయన ఒక్కరోజూ దాన్ని తప్పుగా రాయలేదు. యంత్రానికి ఆ తేడా తెలియాలంటే అది నేర్చుకునేటప్పుడు నాగాయలంక, కైకలూరు, కృష్ణలంక పిల్లల గొంతులు కూడా విని ఉండాలి.

లెక్కపెట్టడంలో ఇంకో పేచీ ఉంది. 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర పథకం మూడో తరగతి పిల్లవాడు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలంటుంది. బాగానే ఉంది. కానీ ‘వెళ్లిపోయాడంటున్నారు’ మనకు ఒక్క మాట. ఇదే ఇంగ్లీషులో చెప్పాలంటే అయిదు మాటలు కావాలి. అన్ని భాషలనూ ఒకే గడియారంతో కొలిస్తే తెలుగు పిల్ల ఎప్పుడూ నత్తలాగే కనిపిస్తుంది. ఈ సంగతి పైవాళ్లకూ తెలుసు. అందుకే 2022 మార్చిలో మూడో తరగతి పిల్లల మీద 20 భాషల్లో పరిశీలన చేసి భాషకో ప్రమాణం పెట్టే పని చేశారు. తెర మీద పచ్చరంగు, ఎర్రరంగు గీతలు చూసి పిల్లలను తూచే టీచర్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

వినడం సరే, పిల్ల చదవడానికి ఏముంది? ఈ ప్రశ్న వస్తే నాకు పడవ గుర్తొస్తుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. అప్పట్లో ఊరి నుంచి ఊరికి పడవ ప్రయాణమే. గంటల కొద్దీ ఊరికే కూర్చునే జనం. వాళ్ల చేతికి పుస్తకం ఇద్దామన్నారు. కొత్త యంత్రమేదీ కనిపెట్టలేదు, జనం అప్పటికే ఎక్కి కూర్చున్న పడవలోకి పుస్తకాన్ని ఎక్కించారు. ఇవాళ జనం ఎక్కి కూర్చున్నది ఫోన్. అందులోకి ఎక్కించడానికి పిల్లల పుస్తకాలు లేకపోలేదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015 సెప్టెంబర్ 8న తెరిచిన ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలు ఉచితంగా, స్థాయిల వారీగా ఉన్నాయి. ఎవరైనా దించుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, తిరగరాసుకోవచ్చు.

మన పుస్తకాలు ఎందుకు ఎక్కడం లేదంటే దానికి విజయవాడలోనే ఒక కారణం ఉంది. ఏలూరు రోడ్డు చుట్టుపక్కల డీటీపీ షాపుల్లో కూర్చిన పుస్తకాల్లో ఎక్కువ భాగం అను ఫాంట్లవి. కాగితం మీద అందంగా ఉంటాయి. యంత్రానికి మాత్రం అది తెలుగే కాదు, పిచ్చి గీతలు. యంత్రాలన్నీ గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాల్లో లేని పాఠాన్ని ఏ ఫోనూ పిల్లతో కలిసి చదవలేదు. యూనికోడ్ ఫాంట్లు లేవా అంటే ఉన్నాయి, ఉచితంగా. వాటిలో ఒకదాని పేరు మండలి, దివిసీమ మనిషి, మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన 1975లో విద్యామంత్రి, మండలి వెంకట కృష్ణారావు గారి పేరు. సభలో ప్రచురణకర్తలు ఎవరైనా ఉంటే చేతులు జోడించి అడుగుతున్నాను. కొత్త పుస్తకాలైనా యూనికోడ్‌లో కూర్పించండి. పాతవి మెల్లగా చూసుకుందాం.

ఇక టీవీ సంగతి. మీ డబ్బు, మీ ఇష్టం, కొంటానంటే వద్దనను. బడిలో ఇప్పటికే ఒకటుంది, రిమోట్ పోయి ఏడాదైంది. హెడ్‌మాస్టర్ గారు నన్నడిగితే నేను చెప్పింది ఇది. రిమోట్ కొనండి. మీ ఇళ్లల్లో సొరుగుల్లో పడున్న పాత ఫోన్లలో పనిచేసేవి ఒక అయిదు, ఛార్జర్లతో సహా ఇవ్వండి. సిమ్ అక్కర్లేదు.

వాటితో పాటు మీ చెవి ఇవ్వండి. విజయవాడలో ఉన్నవాళ్లకు ఇక్కడికి గంట ప్రయాణం. వారానికోసారి వచ్చి, వేపచెట్టు కింద కూర్చుని, ఇద్దరు పిల్లలు చదువుతుంటే వినండి. దిద్దక్కర్లేదు, పాఠం చెప్పక్కర్లేదు. ఎక్కడ ఆగారో టీచరుకు చెప్పి వెళ్లండి. అమెరికాలో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో వినొచ్చు. మనకు పొద్దున తొమ్మిదైతే మీకు రాత్రి, భోజనం చేసి కూర్చునే వేళే.

మూడో తరగతిలో పదకొండు మంది ఉన్నారు. ఆఫీసు రూములో బల్ల మీద నోటుబుక్కు పెట్టాం. వెళ్లేముందు మీ పేరు, మీకు వీలైన వారం, గంట అందులో రాసి వెళ్లండి. మొదటి పేజీలో నా పేరు రాశాను, శనివారం, తొమ్మిది గంటలు.